చర్చికి ముందు పెద్దలు కావాలి

రాజమండ్రి: గోదావరి డెల్టా గ్రామాల్లో ప్రెస్బిటేరియన్ సంఘాలు వెలసి వర్ధిల్లాలని ప్రార్థించేవారున్నారు. లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్ మిషన్లు వేళ్లూనిన ఈ ప్రాంతంలో ఆ పేరు చాలామందికి కొత్త. మన దేశంలో ప్రెస్బిటేరియన్ల బలం మిజోరం, మేఘాలయలలో ఎక్కువ. దక్షిణాదిన ఆ సంప్రదాయం వారిలో అధికభాగం 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన సి.ఎస్.ఐ.లో కలిసిపోయారు.

ప్రెస్బిటర్ అనే గ్రీకు మాటకు పెద్ద అని అర్థం. ఒక్క పాస్టరు మాట మీద గాక, సంఘస్థులు ఎన్నుకున్న పెద్దలు కూడి నడిపే పద్ధతి ఇది. నలుగురు పెద్దలు కూర్చుని తగవు తీర్చడం ఎరిగిన పల్లెలకు ఇది వింత కాదు. అయితే ఆ పెద్దలు దొరకడమెలా అన్నదే అసలు ప్రశ్న.

ఈ జిల్లాల చరిత్ర చూస్తే, 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం చేరారు. 1845లో జర్మన్ మిషనరీ వాలెట్ రాజమండ్రిలో పని ప్రారంభించాడు. ఆ పని లూథరన్ల చేయిదాటిపోనున్న తరుణంలో, 1869లో 76 ఏళ్ల వయసులో హయ్యర్ దొర తిరిగి వచ్చి నిలబెట్టాడు. కాకినాడలో మాత్రం బాప్టిస్టు పనికి నాంది పలికినవాడు తెలుగువాడే. తంతి శాఖ ఉద్యోగం వదులుకున్న థామస్ గాబ్రియేల్ తరువాతనే, 1874లో కెనడా మిషనరీ మెక్లారిన్ అక్కడికి వచ్చాడు. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను కూడా స్థానికుల చేతుల మీదుగా పెరిగినదే. మనిషి ఈ నేల మీదివాడైతే పని నిలుస్తుందనడానికి ఇవి నిదర్శనాలు.

కాని నేడు ఆ మనిషి పేరు రాయించుకోవడమే కష్టంగా ఉన్నది. డెల్టా చర్చిల్లో దళితపేటల వారే ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్.సి. హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది దక్కింది. ఎస్.సి.లకు 15 శాతం రిజర్వేషను ఉండగా, మతం మారినవారికి మన రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక్క శాతమే. మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ హోదా విషయాన్ని పరిశీలించేందుకు కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.

ఈ కారణంగా ఆదివారం చర్చిలో కూర్చునే అనేకులు కాగితాల్లో హిందువులుగానే ఉంటున్నారు. వెనుక వరుసలో కూర్చునేవాడికి దీనితో చిక్కు తక్కువ. సంఘ పెద్దగా సంతకం చేసేవాడి మాట వేరు. పిల్లవాడి కాలేజీ సీటు, రిజర్వుడు సర్పంచి పదవి, దాడి జరిగితే కేసు, ఇవన్నీ ఆ సంతకానికి ముడిపడి ఉన్నాయి.

బయటి విరాళంతో చర్చి షెడ్డు నెలలో లేస్తుంది. దానిని నడిపే పెద్దలు ఆ విరాళంతో రారు. సంఘం పెరగాలని కోరేవారు ఎన్ని చర్చిలు లేచాయన్నది కాక, ఎంతమంది తమ పేరు ధైర్యంగా రాయించుకోగలుగుతున్నారన్నది లెక్క చూసుకోవాలి. ఆ పేరు రాసినవాడు ఏమి కోల్పోతాడో, ఆనాడు సంఘం అతనికి ఏ విధంగా తోడు నిలుస్తుందో ముందే తేల్చుకోవడం అవసరం.