సెకెంటు సమాకలనము: కిటుకా? కారణమా?

ఉన్నత పాఠశాల విడిచి కాలేజీలో గణితము చేపట్టు మన విద్యార్థులకు ఎదురగు చిక్కులెక్కలలో సెకెంటు సమాకలనము ఒకటి. చూడ చిన్నదే. సెకెంటునకు టాంజెంటును కలిపి, ఆ మొత్తముచే పైనను క్రిందను గుణింపుమని పుస్తకములు చెప్పును. అంతట లవము హారముయొక్క అవకలజమగును, లాగరిథము సిద్ధించును. ఆ గుణకము ఎచటినుండి ఊడిపడినదని అడిగిన పిల్లవానికి మాత్రము బదులు దొరకదు. ఇట్టి బోధనను మేము మెచ్చజాలము.

ఈ లెక్క ఓడ నడుపువారి అవసరమునుండి పుట్టినది. 1569లో మెర్కేటరు గీసిన ప్రపంచపటమున అక్షాంశరేఖలన్నియు భూమధ్యరేఖయంత పొడవుననే యుండును. అనగా ప్రతి రేఖయు తన అక్షాంశముయొక్క సెకెంటు కొలదిని సాగును. మన బీదరు సుమారు 18 డిగ్రీల అక్షాంశమున నున్నది గనుక ఇచట ఆ సాగుదల నూటికి అయిదు పాళ్లే. 60 డిగ్రీలకడ రెండింతలు. (గ్రీన్లాండు అంత పెద్దదిగా కనబడుట ఇందుచేతనే.) దిక్కు తప్పకుండుటకు ఉత్తరదక్షిణములకును అంతయే సాగవలెను. కావున సెకెంట్లను వరుసగా కూడవలసివచ్చెను. 1599లో ఎడ్వర్డు రైటు ఆ కూడికల పట్టికను ప్రకటించెను. 1645 ప్రాంతమున హెన్రీ బాండు దానిని టాంజెంటు లాగరిథముల పట్టికతో పోల్చి, రెండును సరిపోవుచున్నవని కనుగొనెనే గాని కారణము చెప్పలేకపోయెను. 1668లో జేమ్సు గ్రెగరీ నిరూపించెను. అది మిక్కిలి క్లిష్టము. 1670లో ఐజాకు బారో తేటదారి చూపెను.

బారో దారిలో ఇంద్రజాలము లేదు. ఒకటిని కొసైనుచే భాగించినది సెకెంటు. లవహారములను రెండింటిని కొసైనుచే గుణింపుడు. హారమున కొసైను వర్గము, అనగా ఒకటిలోనుండి సైను వర్గమును తీసివేసినది, నిలుచును. సైనును ఒక్క అక్షరముగా నెంచినచో త్రికోణమితి తొలగి బీజగణితము మిగులును. వర్గముల భేదము రెండు కారణాంకములుగా విడును. భిన్నము రెండు భిన్నములగును. ఒక్కొక్కటి ఒక్కొక్క లాగరిథము నిచ్చును. ఇందు సగము మెట్లు పదవ తరగతివారు ఎరిగినవే.

కొల్హారు పరిసరముల తల్లిదండ్రులు కొందరు, తెలుగున చదివిన పిల్లలు ఇంగ్లీషు కాలేజీలో గణితము దాటలేరని జంకుచున్నారు. మాట మారునేమో గాని కారణము మారదు. మన 'జ్యా' శబ్దమే 'జీవా'యై, అరబ్బీలో 'జైబ్'గా చదువబడి, లాటిను ద్వారా 'సైను' అయి తిరిగివచ్చినది. త్రోవలో అర్థమే తారుమారైనను లెక్క చెడలేదు. కిటుకును కంఠస్థము చేసినవాడు ఏ భాషలోనైనను తడబడును. కనుక పెద్దలు ఇంట పిల్లల నడుగవలసినది జవాబు కాదు, "ఈ మెట్టు ఎందుకు?" అను ప్రశ్న. గణితము రానివారును అడుగవచ్చును.

పెద్ద తరగతులవారు కొసీకెంటును ఇదే దారిని సాధించి, ప్రతి మెట్టునకు కారణము తెలుగున వ్రాసి చూపుదురు గాక.