పై మెట్టుకు తొందరెందుకు?

విద్యార్థులారా! కంప్యూటరులో బొమ్మలు మలిచే విద్య నేడు మీకూ అందుబాటులో ఉంది. బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అయితే కొత్తగా నేర్చుకునేవారిలో ఒక తొందర కనబడుతుంది. బొమ్మ తల ఇంకా కుదరకముందే నుదుటిపై ముడతలు చెక్కబోతారు. ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

కంప్యూటరులోని బొమ్మ చిన్న చిన్న చతుర్భుజాలతో అల్లిన వల వంటిది. దీన్నే మెష్ అంటారు. ఒక ఘనాన్ని తీసుకోండి. దానికి 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు ఉంటాయి కదా! ప్రతి ముఖానికి ఒకటి, ప్రతి అంచుకు ఒకటి చొప్పున కొత్త బిందువులు చేర్చి కలిపితే ఒక్కొక్క ముఖం నాలుగవుతుంది. పాత శీర్షాలను కూడా తగినట్లు జరిపితే మూలలు నునుపు తేలతాయి. ఈ పద్ధతిని ఎడ్విన్ కాట్మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రకటించారు. పిక్సార్ సంస్థ 1997లో తీసిన 'గెరీస్ గేమ్' అనే చిన్న చిత్రంలోని తాతను ఇటువంటి పద్ధతితోనే రూపొందించారు.

ఇలా ఒకసారి విభజిస్తే ఒక మెట్టు ఎక్కినట్లు. 6 ముఖాలు మొదటి మెట్టులో 24, రెండవ మెట్టులో 96, మూడవ మెట్టులో 384 అవుతాయి. మరి పదవ మెట్టులో? కాగితం మీద మీరే గుణించి చూడండి. 62,91,456 వస్తుంది!

ఇప్పుడు తల సన్నగా ఉందనుకుందాం. రెండవ మెట్టులో ఉన్నవి 98 బిందువులే. నాలుగైదింటిని జరిపితే చాలు, తల నునుపుగా వెడల్పవుతుంది. అదే పని పదవ మెట్టులో చేయబోతే ఒకచోట బుడిపె, మరొకచోట గుంట మిగులుతాయి. అంతేకాదు, 'మల్టీరిజల్యూషన్' అనే సౌకర్యం వాడితే పై మెట్టులోని ముడతలు, కింది ఆకారం నుండి ఎంత ఎత్తు, ఎంత పల్లం అన్న తేడాలుగా నిలువ ఉంటాయి. అందువల్ల మీరు కిందికి దిగి దవడను సరిచేస్తే ముడతలు కూడా దాని వెంటే జరుగుతాయి.

"నేటి కంప్యూటర్లు లక్షల ముఖాలను మోయగలవు కదా, పొదుపెందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే. కాని యంత్రం ఎంత బలమైనదైనా వంకర ముక్కును తనంతట తాను సరిచేయదు. ఇక పాత కంప్యూటరు ఉన్న బడిలో, పై మెట్టుకు వెళ్ళగానే అది మొరాయిస్తుంది. పిల్లవాడు "ఈ విద్య నాకు రాదు" అని లేచిపోతాడు. నన్ను బాధించేది ఇదే. తెలివికి లోటు లేదు. పని చేసే వరుస తప్పిందంతే. ముడతలను చూసి మెచ్చుకునే ముందు ఆకారం కుదిరిందా అని అడగడం మా ఉపాధ్యాయుల బాధ్యత కూడా.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఘనాన్ని మూడవ మెట్టు దాటనీయకుండా మామిడికాయగా మలచండి. పేరు చెప్పకుండా స్నేహితునికి చూపండి. చూడగానే అతడు "మామిడికాయ" అంటే, నిస్సంకోచంగా నాలుగవ మెట్టు ఎక్కండి!