నాలుగు గంటల దీపము



ఈ మాసమున మా ముచ్చట సాంఖ్యక శాస్త్రమును గూర్చి. నవ్వకుడు. కాకినాడ జగన్నాథపురమున మా యింటి బాలిక యొకతె డిగ్రీ చదువుచున్నది. క్రిందటి పరీక్షలో నీ భాగముననే తప్పినది. మరల తప్పినచో చదువు మాన్పించి సంబంధము చూతుమని పెద్ద లనుచున్నారు. కావున రాత్రి వంటయిల్లు సర్దుకొన్న పిదప మేమును దాని ప్రక్కన కూర్చుండి పుస్తకము తెరచితిమి.

కుండెడన్నమునకు ఒక మెతుకు పట్టి చూచుట మన మెరిగినదే. ఆ మెతుకు మాట నెంతవరకు నమ్మవచ్చునో ఈ శాస్త్రము లెక్క కట్టును. కోనసీమ కొబ్బరిరాశిలో మంచిచెడ్డ లెంచక 100 కాయలు తీసి తూచితి మనుకొందము. సగటు 600 గ్రాములు, క్రమవిచలనము 50. నూటికి వర్గమూలము 10; 50ని 10చే భాగింప 5; దానిని 1.96చే గుణింప 9.8. కావున 590.2 మొదలు 609.8 వరకు, నూటికి 95 పాళ్ల విశ్వాసాంతరము.

వర్తకుడు తన రాశి సగటు 615 అనినచో, అది హద్దులకు వెలుపలనున్నది. నూటికి 5 పాళ్ల స్థాయిలో ఆ పరికల్పనను త్రోసిపుచ్చవచ్చును. 605 అనినచో త్రోసిపుచ్చలేము. అంతమాత్రమున నది నిజమని ఋజువు కాలేదు సుమా! మా పిల్ల మార్కులు పోగొట్టుకొన్న దిచ్చటనే. మరియొకటి: నిజమైన సగటు ఈ హద్దులలో నుండుటకు నూటికి 95 పాళ్లు అవకాశమని వ్రాసినది. అది తప్పు. ఇట్లే మరల మరల నూరేసి కాయలు తీసి హద్దులు కట్టుచుండినచో, అట్టి నూరింట ఇంచుమించు 95 చోట్ల నిజము చిక్కును. నమ్మకము పద్ధతికి చెందినది. ఇది మా తల కెక్కుటకు రెండు రాత్రులు పట్టినది.

ఈ శాస్త్రమున లోకప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు (1920–2023) మన తెలుగువారే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిరి. పరికల్పనలను పరీక్షించుటకు 1948లో వారు చూపిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. బాల్యమున తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తమ్ము లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడివారని ఆయనయే వ్రాసికొనిరి.

మా యింటను ఆ గంటకే బాలికను లేపుదురు, వాకిలి చిమ్ముటకు. పరీక్షకు 18 దినములున్నవి. రేపటినుండి చీపురు మేము పట్టెదమని దాని తల్లితో చెప్పితిమి. ఆమె యింకను ఔననలేదు.