ఇల్లూ వాకిలీ: నూనె గుడ్డను మూలకు పడేయకండి

వానలు వెనకబట్టగానే బతుకమ్మ పండుగకు ఇల్లు దులిపే పని అందరికీ ఉండేదే. అందుకని ఈసారి చెక్క సంగతి చెప్పుకుందాం.

గైబీ నగర్‌లో మేముండే ఇల్లు పాతది. వాకిలికి టేకు తలుపు, మేడ వరండాకు బయటివైపు చెక్క పలకలు. నాలుగు నెలల వానకు వాటి మీద పచ్చగా పాచి, నల్లగా బూజు. దానికి తోడు సాంచెల నుంచి ఎగిరొచ్చే నూలు దుమ్ము. సియాటిల్‌లో ఉన్న మా అన్నగారి అమ్మాయితో ఫోనులో ఈ మాటంటే నవ్వింది. అక్కడ ఇళ్ళ గోడలకు బయట సెడార్ పలకలు కొడతారట, వాళ్ళదీ ఇదే అవస్థ. చెక్క ఏదైనా వైద్యం దాదాపు ఒకటే.

ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. తర్వాత బకెట్ నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, మెత్తని బ్రష్షుతో చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దండి. పలకలను కింద నుంచి పైకి తడుపుతూ రుద్ది, పై నుంచి కిందికి నీళ్ళు పోస్తే చారలు పడవు. ఇనుప బ్రష్షు వద్దు. దాని ముక్కలు చెక్కలో చిక్కుకుని తుప్పు పట్టి నల్ల మచ్చలవుతాయి. పైపుతో జోరుగా నీళ్ళు కొడితే చెక్క పీచు లేస్తుంది. నిచ్చెన ఎక్కేముందు పక్కన కరెంటు తీగలున్నాయేమో చూసుకోండి.

బూజు పోవాలని బ్లీచింగు నీళ్ళలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపకండి. వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణాల మీదికి తెస్తుంది.

పాత రంగు గీకాలంటే ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. తడిపి గీకండి, పిల్లలను దూరంగా ఉంచండి, రాలిన పొట్టు తడిగుడ్డతో ఎత్తండి.

చెక్క రెండు మూడు రోజులు బాగా ఆరాక అవిసె నూనె, అదే రంగుల దుకాణంలో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, పలచగా పూయండి. పావుగంట తర్వాత మిగిలిన జిడ్డు తుడిచేయండి. మందంగా పూస్తే అది మళ్ళీ బూజుకే మేత.

ఇక అసలు మాట. రెండేళ్ళ కిందట నేను ఆ జిడ్డును వేస్టు నూలుతోనే తుడిచాను. మన ఇళ్ళలో దానికి కొదవేముంది! తుడిచిన ఉండను మెట్ల కింద, వేస్టు సంచి పక్కన పడేశాను. సాయంత్రం మా ఆవిడ కమురు వాసన అంది. చూస్తే ఉండలోంచి పొగ! నీళ్ళు పోసి విప్పితే నడిమధ్య నల్లగా మాడింది. ఇంకో గంట ఆగితే సంచీ, మెట్లూ అంటుకునేవి. అక్కడ కరెంటు తీగ లేదు. బీడీ తాగి పడేశాడని పక్కింటి కుర్రవాణ్ణి నానా మాటలన్నాను. పాపం, వాడికే పాపమూ తెలియదు.

మర్నాడు నూనె డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరిక చదివాను. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండ చుడితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. వెళ్ళి ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

కనుక నూనె గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి, బయట నీడలో తీగ మీద గట్టిపడేదాకా ఆరేయండి. లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. పని అయ్యాక కాదు, మొదలుపెట్టే ముందే ఆ డబ్బా పక్కన పెట్టుకోండి. నూలు మధ్య బతికే మనకు ఇది మరీ ముఖ్యం.