మలుపు చెప్పని మోటారు సైకిళ్లు

హారన్ మోగకపోతే మరునాడే మెకానిక్ దగ్గరకు పరుగెత్తే మన మోటారు సైకిలుదారులు, ఇండికేటరు వెలగకపోతే మాత్రం ఏళ్ల తరబడి అలాగే నడుపుతున్నారు. "బండి నడుస్తోంది కదా" అన్నదే వారి సమాధానం. ఇది ఎంతమాత్రం సబబు కాదు.

నార్కట్‌పల్లి నుంచి కోదాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారిపై నుంచి ఊళ్లలోకి మళ్లే దారులు అనేకం. ముందున్న బండి తిన్నగా పోతుందో, కుడికి మళ్లుతుందో వెనుక వచ్చే లారీ డ్రైవరుకు తెలిపేది ఆ చిన్న దీపమే. చెయ్యి చూపుదామంటే చీకట్లో కనిపించదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలని చెబుతున్నాయి.

నిజానికి ఇందులో చెడిపోయేవి నాలుగైదే. ఒక పక్క దీపం గబగబా కొట్టుకుంటే ఆ పక్క ముందుదో వెనుకదో బల్బు పోయిందని చాలా బండ్లలో గుర్తు. బల్బు బాగుంటే హోల్డరులో తుప్పు, ఎర్త్ వైరు చూడాలి. ఒక పక్క బాగా పనిచేస్తూ రెండో పక్క అసలు వెలగకపోతే ఫ్లాషరు మార్చి డబ్బు తగలేయనక్కరలేదు. రెండు పక్కలకూ ఫ్లాషరు ఒక్కటే. స్విచ్చిలో చేరిన మట్టి, హ్యాండిల్ తిరిగేచోట నలిగి తెగిన వైరు వెతకాలి. రెండు పక్కలా వెలగకపోతే ముందు ఫ్యూజు, బ్యాటరీ, ఆ తర్వాతే ఫ్లాషరు. 10 వాట్ల బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టినవారు దానికి తగిన ఫ్లాషరు కూడా వేయించుకోవాలి. లేకుంటే తక్కువ కరెంటు చూసి పాత ఫ్లాషరు బల్బు పోయినట్టే గబగబా కొడుతుంది.

ఇంత సులువైన పనికి కొందరు మెకానిక్‌లు వైర్లు కత్తిరించి, మెలిపెట్టి, పైన టేపు చుట్టి పంపేస్తున్నారు. తొలి వానకే అది మళ్లీ మొదటికి వస్తుంది. ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె కాగితం చుట్టడం మరీ ప్రమాదం. వైర్లు ఒకదానికొకటి తగిలితే కాలేది ఫ్యూజు కాదు, బండి.

తప్పు మెకానిక్‌లది మాత్రమే కాదు. వెనుక ఇండికేటర్లకు అడ్డంగా పాల క్యాన్లు, గడ్డి మోపులు కట్టేవారూ, మళ్లిన తర్వాత స్విచ్చి ఆపకుండా మైళ్లు పోయేవారూ మనలోనే ఉన్నారు. వెలగని దీపం ఏమీ చెప్పదు. ఆపని దీపం అబద్ధం చెబుతుంది.

హెల్మెట్, కాగితాలు తనిఖీ చేసే పోలీసులు ఇండికేటరు స్విచ్చి కూడా ఒకసారి నొక్కి చూడాలి. తొలిసారి జరిమానా వేయకుండా బాగు చేయించుకోమని గడువిస్తే మేలు. మెకానిక్‌లు బండి అప్పగించే ముందు నాలుగు దీపాలూ వెలిగించి చూపాలి. యజమానులు పొద్దున్నే బండి బయటికి తీసేటప్పుడు రెండు పక్కలా స్విచ్చి నొక్కి చూసుకోవాలి. అర నిమిషం పని అది. ఆ అర నిమిషానికి బద్ధకిస్తే, రోడ్డు మీద నష్టపోయేది ఒక్క మనిషి కాదు, ఒక కుటుంబం.