ఆ తుపాకీ ఎవరిది?

అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగగానే 1909లో ఆఫ్రికా వేటకు బయలుదేరిన థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఫాక్స్ అనే కంపెనీ ఒక జోడు గొట్టాల తుపాకీ చేసి ఇచ్చింది. 2010లో వేలానికి వస్తే అది 8,62,500 డాలర్లు పలికింది. అదే కంపెనీ అదే రోజుల్లో ఎవరో మామూలు ఆసామికి అమ్మిన తుపాకీకి అంత ధర కలలో కూడా రాదు. 1881లో బిల్లీ ది కిడ్ అనే బందిపోటును కాల్చిన షెరీఫ్ ప్యాట్ గారెట్ రివాల్వర్ అయితే 2021లో 60 లక్షల డాలర్లు దాటింది. డబ్బున్నవాళ్ల పిచ్చి అని కొట్టిపారేయడం తేలికే గాని, వాళ్లు దేనికి అంత సొమ్ము పోశారో చూడాలి. గారెట్ పోయాక ఆ రివాల్వర్ పరుల చేతికి చిక్కితే, ఆయన భార్య కోర్టుకెక్కి రాబట్టుకుంది. ఆ తగాదా పుణ్యమా అని ఆయుధం ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో కాగితం మీదికెక్కింది. పేరుకు ధర కట్టేది ఆ కాగితమే.

విశాఖ, గోదావరి మన్యంలో ఇలాంటి కాగితానికి మించిన ఉదాహరణే ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ డైరీలో రాసి రామరాజు స్వయంగా సంతకం పెట్టాడు. చేతులు మారిన ఆయుధానికి తీసుకున్నవాడే అక్కడికక్కడ రాసిచ్చిన సాక్ష్యం ఇది. కాబట్టి రేపు ఎవరైనా ఒక పాత తుపాకీ చూపించి ఇది రామరాజుదంటే, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీని నంబరు ఆనాటి పోలీసు రికార్డులతో సరిపోతుందా? సరిపోకపోతే అది భక్తి, చరిత్ర కాదు. 2022 జూలై 4న భీమవరంలో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహం నిలబెట్టుకున్నాం, మంచిదే. ఆయన దళం మోసిన తుపాకుల జాడ తీయడానికి అందులో నూరోవంతు శ్రద్ధ చాలు.

ఇంతకన్నా తొందరపడాల్సిన విషయం గోదావరి డెల్టా ఇళ్లలో ఉంది. 1878 ఆయుధ చట్టం వచ్చాక తుపాకీ లైసెన్సు పరపతికి గుర్తయింది. జమీందార్లు, పెద్ద రైతులు లండన్‌లోని పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి కంపెనీల పేర్లు తెలిసినవాళ్లు. కలకత్తాలో మాంటన్, రోడా దుకాణాలు ఉండనే ఉన్నాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినా తుపాకులు వారసులకు మిగిలాయి. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నారు. మిగతావి అప్పగించాల్సిందే. అలా డిపాజిట్ చేసినవి గడువులోగా వెనక్కి తీసుకోకపోయినా, వేరొకరికి బదిలీ చేయకపోయినా ప్రభుత్వపరమవుతాయి. ఆ తర్వాత వాటిని ముక్కలు చేస్తే పోయేది ఇనుమొక్కటే కాదు. లండన్ కంపెనీలు పాత ఖాతా పుస్తకాలు భద్రంగా ఉంచుకున్నాయి. నంబరు చెబితే తొలి కొనుగోలుదారు ఎవరో చూసి చెప్పగలవు. ఆ నంబరును ఇక్కడి లైసెన్సు రిజిస్టర్లతో కలిపితే డెల్టాలో డబ్బు, అధికారం, వేట ఎవరి చేతుల్లో తిరిగాయో తేలుతుంది. తుపాకీ కరిగాక నంబరూ ఉండదు.

దొరల తుపాకులకు ఇంత గౌరవమెందుకు, వాటిని చూసి రైతులు భయపడిన రోజులు మరిచిపోయామా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ ఆ భయానికి సాక్ష్యాన్ని చెరిపేస్తే లాభపడేది భయపెట్టినవాళ్లే. తుపాకీ పక్కన యజమాని ఘనతతో పాటు అతని కింద నలిగినవాళ్ల మాట కూడా రాయాలి. పాత తుపాకులు ఉంచితే ప్రమాదమన్న శాంతిభద్రతల అభ్యంతరం ఇంకా గట్టిది. దానికి 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లోనే దారి ఉంది: మరమ్మతు చేసినా పేలనంతగా పాడైన పురాతన ఆయుధం మామూలు ఆంక్షల నుంచి బయటపడుతుంది. గొట్టం మూసేస్తే వేలంపాటలో ధర పడిపోతుంది, నిజమే. చరిత్రకు మాత్రం చిన్నమెత్తు నష్టం లేదు. సేకరించేవాడి లెక్కా సమాజం లెక్కా విడిపోయే చోటు ఇదే, మనం రెండో లెక్కవైపు నిలబడాలి.

టిప్పు సుల్తాన్ కోసం చేసిన ఒక వేట తుపాకీ తమ దేశం దాటిపోకుండా 2023లో బ్రిటన్ ప్రభుత్వం తాత్కాలికంగా అడ్డుపడింది. దాని విలువ 20 లక్షల పౌండ్లన్నారు. మన దగ్గరి నుంచి పోయిన వస్తువును వాళ్లు అంత పట్టుదలగా కాపాడుకుంటుంటే, 1972 పురావస్తు చట్టం ఉన్న మనం నూరేళ్లు దాటిన తుపాకీని తుక్కు కింద జమకట్టడం తగదు. ధ్వంసానికి పంపే ప్రతి పాత తుపాకీకీ ముందుగా ఒక పేజీ నింపాలి: తయారీదారు, నంబరు, గొట్టం మీది ముద్రలు, లైసెన్సుదారుల వరస, ఇంట్లో దొరికిన బిల్లు లేదా ఫొటో. రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాల అధికారి ఒకరు ఆ పేజీ చూసి సంతకం పెట్టేదాకా ఏ తుపాకీనీ కొలిమికి పంపకూడదని జిల్లా కలెక్టర్లు ఆదేశించాలి.