ఉప్పెనయు వైద్యాధికారియు

మంగినపూడి యొడ్డున నల్లని బంకమట్టి మీదికి మెల్లగ వచ్చి మరలిపోవు నీటిని చూచినవారికి అది ప్రాణములు తీయునని తోచదు. 2004 డిసెంబరు 26 వ తేదీన పున్నమి స్నానమునకు వచ్చినవారికిని తోచలేదు. సునామీ వారిలో పలువురిని గొనిపోయెను. అంతకు పూర్వము 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది గతించిరి. 1977 నవంబరు 19 వ తేదీన దివిసీమ కేమి సంభవించెనో మా పాఠకులలో పెద్దవారికి చెప్పనక్కరలేదు. మృతులు పదివేల మంది యని ప్రభుత్వమువారి లెక్క. అంతకు మించినదని జనవాక్యము.

నాటికిని నేటికిని భేదము కలదు. బందరున రాడారు వెలసినది. తీరమున తుపాను రక్షణశాలలు లేచినవి. 1990 మే నెలలో కృష్ణ సంగమ ప్రాంతముననే మరల పెనుతుపాను విరుచుకొనిపడినను, ముందుగ లక్షకు పైగా జనమును తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోబడి యుండెను. మెచ్చుకొనవలసిన పనిని మెచ్చుకొనుటకు మేము వెనుదీయము. కాని సముద్రమునుండి తప్పించిన ప్రాణమును చెరువునీటినుండి తప్పించుట యెవరి పని? ఆ పని చేయువారికి ప్రభుత్వమువారు ఇచ్చుచున్న ఆసరా యేపాటిది? మా ప్రశ్న యింతే.

గాలివాన వెలిసిన మూడవనాటి గ్రామమును తలచుకొనుడు. మంచినీటి చెరువు ఉప్పుబారినది. బావులలోనికి వీధిమురికి దిగినది. పశువుల కళేబరములు తుమ్మచెట్లకు తగుల్కొని యున్నవి. శవములవలన మహమ్మారి పుట్టునని జనులు భయపడుదురు; నిజమునకు అధికమైన అపాయము బ్రతికియున్నవారి మలము త్రాగునీట కలియుటవలన వచ్చునది. దానికి విరుగుడు బ్లీచింగు పొడి. తాజా పొడిలో మూడవవంతు వరకు క్లోరిను ఉండును. తీరపు తేమకు మూట తెరచి పడవైచినచో కొన్ని వారములలోనే దాని సత్తువ పోవును. వేసవిలో వచ్చిన మూటను కార్తీకమాసమున బావిలో గుమ్మరించి, పని జరిగినదని పుస్తకమున వ్రాసికొనిన మాత్రమున విరేచనములు నిలువవు. క్రొత్త మూటలు కావలయును, అవి నేడే కావలయును. ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యాధికారి ఈ సంగతి నెరుగును. కాని అతడు పై కార్యాలయమునకు ఇండెంటు వ్రాసి, దారి తెగిన ఊరిలో దాని కొరకు ఎదురుచూడవలసినవాడే.

పాముల మాట వేరుగ చెప్పవలయును. పొలములు మునిగినప్పుడు పాము మెరక వెదకికొనుచు ఇంటిలోనికి వచ్చును. 2018 ఆగస్టులో దివిసీమయందు పదుల కొలది జనులు పాముకాటునకు లోనయిరి. అప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని సర్పయాగము జరిపిరి. భక్తుల విశ్వాసమును మేము ఆక్షేపింపము. అయితే తాచుపాము, కట్లపాము, రక్తపింజరి కరచినవానికి తొలి విడతకే విరుగుడు మందు సీసాలు ఎనిమిదినుండి పదివరకు కావలయును. రెండు సీసాలు మాత్రమే యున్న కేంద్రమున వైద్యుడు ఎంతటి సమర్థుడైనను రోగిని అవనిగడ్డకో బందరుకో పంపుటకంటె చేయగలిగినది లేదు. వరదలో ఆ ప్రయాణమే రోగికి మృత్యువు కావచ్చును. సీసాలు యెచట నుండవలయునో వరదకు ముందే నిర్ణయింపవలదా?

2024 సెప్టెంబరు 2 వ తేదీన ప్రకాశము బ్యారేజినుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు క్రిందికి విడువబడెను. ఆ నీరంతయు దివిసీమ నొరసికొనియే సముద్రమునకు పోవలయును. ఎదురుమొండి దీవులకు ఆనాటికి వంతెన లేదు. ఏటిమొగ రేవునుండి నీటిమీదనే పోవలయును. పడవ నిలిచినచో దీవిలోని గర్భిణికి ఏ.ఎన్.ఎం. ఒక్కతెయే దిక్కు. ఆమె యింటిలోనికిని నీరు వచ్చియుండును. ఆమె పిల్లలును పునరావాస శిబిరముననే యుందురు. ఆమెకు బదులు రెండు దినములు పనిచేయుటకు పొరుగు మండలమునుండి యింకొకతెను పంపు యేర్పాటు ముందుగ నుండవలదా? ఇట్టి సమయమున ఆమె మీదికి వచ్చునది మంత్రిగారి పర్యటన, అందు నిలువవలసిన శిబిరము, గంటగంటకు పంపవలసిన పట్టిక.

ధనము సంగతి. 2005 లో ఆరంభమైన గ్రామీణారోగ్య మిషను ప్రాథమికారోగ్య కేంద్రమునకు ఏటికి 25,000 రూపాయల స్వేచ్ఛానిధి నేర్పరచెను. మొత్తములు తరువాత మారినను, గోడల సున్నమునకు, చిల్లర మరమ్మతులకు ఉద్దేశించిన ధనముతో ఉప్పెన నెదుర్కొనుట యెట్లు? వైద్యుడు తెగించి పడవకు అద్దె యిచ్చి, బజారున పొడి కొనినచో, ఆరు నెలలకు తనిఖీవారు వచ్చి మూడు కొటేషనులు ఏవి యని యడుగుదురు. తెగింపని వైద్యుని ఎవరును ఏమియు అడుగరు. ఇట్టి పద్ధతిలో పిరికితనమే వివేక మగుచున్నది. దీనిని మేము వైద్యుల లోపమనము.

చట్టము లేదందమా? కలదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము కలెక్టరు అధ్యక్షతను జిల్లా సంస్థ నేర్పరచి, జిల్లా ముఖ్య వైద్యాధికారిని అందు సభ్యునిగ చేసినది. అదే చట్టపు 50 వ సెక్షను ప్రకారము, విపత్తు ముంచుకొని వచ్చుచున్నప్పుడు ఆ సంస్థ ఏ శాఖకైనను టెండర్లు లేకయే సామగ్రి కొను నధికారము నీయవచ్చును. అధికారము పొందిన యధికారి వ్రాసి యిచ్చిన వినియోగ పత్రమే లెక్కలకు చెల్లుబడి యగును. ఇంతకంటె స్పష్టముగ చట్టము చెప్పగలదా? కాని ఆ యధికారము మండల కేంద్రమునకు ముందుగ దిగిరాకున్న, దీవిలోని వైద్యుని చేతికి కాగితము నీరు తీసిన తరువాతనే చేరును.

వైద్యుల చేతికి ధనమిచ్చిన దుర్వినియోగ మగునని కొందరు శంకింతురు. కొంత కావచ్చును. ఆ శంక పడవల గుత్తేదారుల విషయమున ఏల పుట్టదో మాకు బోధపడదు. కేరళమున 1996 నుండి ప్రాథమికారోగ్య కేంద్రములను పంచాయతుల కప్పగించిరి. 2018 వరదల పిదప మురికినీట దిగిన జనులకు ఎలుకజ్వరము సోకకుండ డాక్సీసైక్లిను మాత్రలను ఊరూర పంచిరి. వరినీట దిగి బ్రతుకు గుడివాడ ప్రాంతపు కూలీలకు ఆ జ్వరభయము లేకపోలేదు.

2020 లో అంటువ్యాధుల చట్టమును సవరించి, ఆరోగ్య సిబ్బందిపై చేయిచేసికొనువారికి అయిదేండ్ల వరకు శిక్ష విధించిరి. మంచిదే. దెబ్బలనుండి కాచిన ప్రభుత్వము తనిఖీ కాగితమునుండియు కాయవలయును.

మేము కోరునది క్రొత్త చట్టము కాదు. ఈశాన్య ఋతుపవనమునకు ముందే బందరునందలి జిల్లా సంస్థ ఒక ఉత్తరువు చేయవలయును: నాగాయలంక, కోడూరు, మోపిదేవి, అవనిగడ్డ మొదలగు తీర మండలముల వైద్యాధికారులకు హెచ్చరిక వెలువడిన గడియనుండి ఇంత మొత్తము వరకు స్వయముగ వెచ్చించు నధికారము కలదని, వారి సంతకమే రసీదని, విరుగుడు మందు, క్రొత్త పొడి ముందుగ ఫలానిచోట నుంచవలయునని, సిబ్బందికి మార్పుమనుషులు ఫలానివారని. ఏటిమొగ రేవున ఒక మరపడవను ఆరోగ్యశాఖ పేర కట్టియుంచుటకును ఆ యుత్తరువే చాలును.